ఇంగ్లీషు స్లాంగ్‌ని జపనీస్‌లోకి తెచ్చే అనువాదకులు ఎక్కడ దొరుకుతారు?

నీలిమేఘం

అందరికీ నమస్కారం. నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక చిన్న గేమ్ చేస్తున్నాం. అందులో పోరాటాలు లేవు, అంతా మాటలే. నలుగురు కాలేజీ పిల్లలు అర్ధరాత్రి ఇంటర్నెట్ రేడియో నడుపుతుంటారు. వాళ్ళ మధ్య గొడవలు, అలకలు, ఫోన్‌లో చాటింగ్, ఇదే కథ. మొత్తం 11 వేల ఇంగ్లీషు పదాలు, సగానికి పైగా స్లాంగ్.

జపనీస్‌లో కూడా విడుదల చేద్దామని ఒక అనువాద సంస్థకి ఇచ్చాం. మా ఇద్దరికీ ఆ భాష రాదు, కాబట్టి ఫైలు రాగానే పని అయిపోయిందనుకున్నాం. తర్వాత ఒక జపనీస్ ఆటగాడు ఆడి చూసి, "ఈ అమ్మాయి వయసెంత?" అని అడిగాడు. పంతొమ్మిది అని చెప్పాం. "మాట చూస్తే ఆఫీసులో యాభై ఏళ్ళాయన మెయిల్ రాస్తున్నట్టుంది" అన్నాడు. అక్కడితో అయిపోలేదు. 'నో క్యాప్' (నిజంగానే, అబద్ధం కాదు) అన్నచోట 'బోషి' అనే మాట ఉందట. అంటే తలకి పెట్టుకునే టోపీ. ఒక పాట గురించి 'దట్స్ సిక్' అని మెచ్చుకునే చోట ఆ పాటకి జబ్బు చేసిందని రాశారట.

రెండేళ్ళ కష్టం ఇది. ఆ నలుగురు పిల్లలూ మాకు సొంత మనుషుల్లాంటి వాళ్ళు. ఈసారి స్లాంగ్ నిజంగా తెలిసిన మనిషి కావాలి. ఎక్కడ వెతకాలి? భాష రాని మేము వాళ్ళని ఎలా పరీక్షించాలి?

పాతగళ్ళచొక్కా

పద్నాలుగేళ్ళుగా లోకలైజేషన్, అంటే గేమ్‌లూ వీడియోలూ వేరే భాషలోకి మలిచే ప్రాజెక్టులు చూస్తున్నాను. ముందు ఒక మాట. 'స్లాంగ్ స్పెషలిస్ట్' అని వెతికితే మీకు ఎవరూ దొరకరు. అనువాదకుల డైరెక్టరీల్లో మెడికల్, లీగల్, పేటెంట్, ఫైనాన్స్ అని గడులుంటాయి కానీ స్లాంగ్ అనే గడి ఉండదు. ఆ పని చేసేవాళ్ళు వేరే పేర్ల కింద ఉంటారు. గేమ్‌లు, సబ్‌టైటిల్స్, డబ్బింగ్, కామిక్స్, పాటల సాహిత్యం, యువత కోసం చేసే ప్రకటనలు. జపనీస్‌లో వెతకాలంటే 'సెరిఫు' అంటే డైలాగు, 'జిమాకు' అంటే సబ్‌టైటిల్, 'ఫుకికాఎ' అంటే డబ్బింగ్, 'వకామోనో కొతోబా' అంటే కుర్రకారు మాట. మీకు కావలసినది సెరిఫు బాగా రాయగల మనిషి.

ఎక్కడ అంటే, జపాన్ అసోసియేషన్ ఆఫ్ ట్రాన్స్‌లేటర్స్ ఉంది. అందరూ జాట్ అంటారు, 1985లో మొదలైంది, దాని సభ్యుల డైరెక్టరీలో వెతకొచ్చు. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్‌లో జపనీస్ విభాగం విడిగా ఉంది. అనువాదకులు పని వెతుక్కునే ప్రోజ్ సైటు మీకు తెలిసే ఉంటుంది. గేమ్ కాబట్టి గేమ్ తయారీదారుల అంతర్జాతీయ సంఘం ఐజీడీఏలోని లోకలైజేషన్ బృందాన్ని కూడా చూడండి. వీడియో పనికైతే టోక్యోలోని జపాన్ విజువల్‌మీడియా ట్రాన్స్‌లేషన్ అకాడమీ లాంటివి మనుషులకి శిక్షణ ఇస్తాయి, పనులూ తీసుకుంటాయి.

ఒక్క జాగ్రత్త. ఈ జాబితాల్లో జపనీస్ నుంచి ఇంగ్లీషులోకి చేసేవాళ్ళూ చాలామంది కనిపిస్తారు. ప్రొఫైల్ అద్భుతంగా ఉంటుంది, పెద్ద పెద్ద గేమ్‌ల పేర్లుంటాయి, కానీ వాళ్ళు చేసింది అటు నుంచి ఇటు. మీకు ఇటు నుంచి అటు కావాలి. రెండూ ఒకటి కావు. జపనీస్‌లో పుట్టి పెరిగి, ఇంగ్లీషు కుర్రాళ్ళ మధ్య కొన్నాళ్ళు గడిపిన మనిషిని చూడండి.

నీలిమేఘం

ఇది నాకు అసలు తట్టలేదు. నేను దాచుకున్న ఐదు ప్రొఫైల్స్‌లో మూడు అటు నుంచి ఇటువే! చాలా థ్యాంక్స్ అండీ.

చిన్నతెర

నేను సబ్‌టైటిల్స్ వైపు మనిషిని. జపనీస్ సబ్‌టైటిల్‌లో సెకనుకి నాలుగు అక్షరాలన్నది పాత లెక్క. ఇప్పటికీ అదే నడుస్తోంది. లైనుకి సుమారు పదమూడు అక్షరాలు, రెండు లైన్లు. కామా ఉండదు, ఫుల్‌స్టాప్ ఉండదు, ఆ చోట ఖాళీ వదులుతారు. తెర మీద ఒక కుర్రాడు సెకనున్నరలో బూతూ వెటకారమూ ప్రేమా కలిపి ఓ వాక్యం అనేస్తాడు. మీకున్నవి ఆరు అక్షరాలు. అర్థం పెడితే రుచి పోతుంది, రుచి పెడితే అర్థం పోతుంది. మొదట తెగేది ఎప్పుడూ స్లాంగే.

దీని మీద ఒక పాత గొడవ చెప్తాను. 1987 నాటి 'ఫుల్ మెటల్ జాకెట్' సినిమాలో సైనికులకి శిక్షణ ఇచ్చే డ్రిల్ సార్జెంట్ తిట్లు అందరికీ తెలిసినవే. జపాన్ విడుదలకి మొదట సబ్‌టైటిల్స్ రాసింది తోదా నాత్సుకో, ఆ రంగంలో అందరికంటే పేరున్నావిడ. సినిమా తీసిన స్టాన్లీ కూబ్రిక్ ఆ సబ్‌టైటిల్స్‌ని తిరిగి ఇంగ్లీషులోకి చేయించి చదివాడు. తిట్లు చల్లబడ్డాయని ఒప్పుకోలేదు. చివరికి జపనీస్ దర్శకుడు హరాదా మసాతో కొత్తగా రాశాడు. ఆవిడ చేతగాక చేసిన పని కాదది. ప్రేక్షకుడు కళ్ళతో చదివి అర్థం చేసుకునే సమయం చూసుకుని రాసే పద్ధతి అది. కూబ్రిక్‌కి కావలసింది వేరు, ప్రతి తిట్టూ దాని వికారంతో సహా కావాలి. ఇద్దరూ తమ వైపు నుంచి సరైనవాళ్ళేనని నా నమ్మకం.

నీలిమేఘం గారూ, ముందు మీరే తేల్చుకోండి. మీకు ప్రతి మాటా కావాలా, ఆ మనిషి కావాలా? దాన్నిబట్టి అనువాదకులు మారిపోతారు.

నీలిమేఘం

మనిషే కావాలి. మాకు టైమ్ బాధ లేదు, ఆటగాడు బటన్ నొక్కేదాకా మాట తెర మీదే ఉంటుంది.

మల్లెపందిరి

మనిషే కావాలంటే సర్వనామాల దగ్గర మొదలుపెట్టాలి. నేను తొమ్మిదేళ్ళుగా జపనీస్ మధ్యే బతుకుతున్నాను, ఇప్పటికీ ఇది నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

ఇంగ్లీషులో 'ఐ' ఒక్కటే. జపనీస్‌లో 'నేను' అనడానికి మర్యాదగా 'వతాషి', మెత్తగా మాట్లాడే అబ్బాయికి 'బొకు', మొరటుగా ఉండేవాడికి 'ఒరె', అమ్మాయిలు చనువుగా వాడే 'అతాషి', 'ఉచి', కథల్లో ముసలాయనకి 'వాషి'. మీ పాత్ర మొదటి వాక్యంలో ఏది ఎంచుకుందో, అక్కడే సగం మనిషి తయారైపోతాడు. ఇంగ్లీషులో వీధి మాటలతో చేసే పని, జపనీస్‌లో చాలావరకు ఇక్కడా, వాక్యం చివరా జరుగుతుంది. చివర 'జె' పెడితే ఒక రకం మగతనం, 'జాన్' పెడితే చనువు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళతో 'దెస్' అని పూర్తిగా అనకుండా 'స్సు' అని కొరికేస్తారు. మర్యాద ఉన్నట్టే ఉంటుంది, బిగుతు ఉండదు. మనం 'అండీ'ని కాస్త మింగేసి మాట్లాడినట్టు.

తిట్లు కూడా అంతే. ఇంగ్లీషులో ఉన్నన్ని బూతు మాటలు జపనీస్‌లో లేవు. 'కుసో', 'చికుషో' లాంటివి కొన్ని ఉన్నాయి కానీ అసలు దెబ్బ వ్యాకరణంలో ఉంటుంది. 'తెమె' (మొరటుగా 'నువ్వు') అని పిలవడం, క్రియ చివర తిరస్కారంగా 'యాగారు' తగిలించడం, ఆజ్ఞని మొరటు రూపంలో విసరడం. ఒక్క బూతు మాట లేకుండా ఎదుటివాడి పరువు తీసేయొచ్చు. కాబట్టి ఇంగ్లీషు తిట్టుకి జపనీస్ తిట్టు ఏది అని లెక్కపెట్టే అనువాదకుడి దగ్గరికి వెళ్ళకండి.

ఇంకొకటి. 'యాకువారిగో' అనే మాట విన్నారా? పాత్ర భాష అని అనుకోవచ్చు. భాషా పరిశోధకుడు కిన్సుయి సతోషి 2003లో రాసిన పుస్తకంతో అది బాగా వాడుకలోకి వచ్చింది. ముసలి ప్రొఫెసర్ ఒక రకంగా, గొప్పింటి అమ్మాయి ఇంకో రకంగా మాట్లాడతారు కదా, నిజ జీవితంలో ఎవరూ అలా మాట్లాడకపోయినా కథలో వినగానే అందరూ గుర్తుపడతారు. ఇది అనువాదకుడికి మంచి ఆయుధం, ప్రమాదం కూడా. ఒకప్పుడు అమెరికా దక్షిణాది నల్లవారి మాటని జపాన్ ఈశాన్యపు తొహొకు యాసలాంటి కృత్రిమ పల్లెభాషలోకి దించేవారు. వాళ్ళని మోటువాళ్ళుగా చూపించినట్టయింది. దాని మీద విమర్శలు వచ్చాయి, రావాలి కూడా. ఇవాళ ఇంగ్లీషు స్లాంగ్‌లో చాలా భాగం నల్లవారి సమాజాల్లో పుట్టిందే. మీ పాత్రల్లో అలాంటి వారుంటే అనువాదకుణ్ణి తప్పకుండా అడగండి, 'ఈమె మాట ఎలా చేస్తారు?' అని. వెంటనే ఏదో ఒక ప్రాంతీయ యాస పేరు చెప్పేస్తే నేనైతే వద్దంటాను.

రాత్రిబండి

ఇంత ఎందుకండీ? ఇరవై ఏళ్ళ జపనీస్ స్టూడెంట్ ఒకరిని పట్టుకుంటే చాలు. స్లాంగ్ వాళ్ళది, వాళ్ళకంటే తెలిసినవాళ్ళు ఎవరు? ప్రొఫెషనల్స్ అందరూ నలభై దాటినవాళ్ళు. విదేశంలో పాతికేళ్ళుగా ఉన్న అనువాదకుడి స్లాంగ్ ఆయన విమానం ఎక్కిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మా బృందానికి అదే జరిగింది. హీరో ఒక దుస్తుల్ని చూసి 'నౌయి' అన్నాడు. ఇంగ్లీషు 'నౌ'కి జపనీస్ తోక తగిలించిన మాట, 1980ల ప్రాంతంలో ఫ్యాషన్. ఇప్పుడు ఆ మాట అన్నవాడే పాతకాలపు మనిషి.

స్లాంగ్ ఎంత తొందరగా చస్తుందో చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో అందంగా పడుతుందనడానికి వాడే 'ఇన్‌స్తాబాఎ' 2017లో ఆ ఏటి పాపులర్ మాటగా మొదటి బహుమతి పొందింది. తపియోకా ముత్యాలు వేసిన బొబా టీ తాగడానికి 'తపిరు' అనే క్రియ పుట్టి 2019లో అదే పోటీలో టాప్ టెన్‌లోకి ఎక్కింది. ఇప్పుడు ఎవరంటున్నారు? ఏడుపు మొహానికి 'పియెన్' అనే మాటని సాన్సెయిదో నిఘంటువుల వాళ్ళు 2020లో ఈ ఏటి కొత్త మాటగా ఎంచారు. నిఘంటువు వాళ్ళు పట్టుకున్నారంటే దానికి వయసొచ్చినట్టే.

పాతగళ్ళచొక్కా

రాత్రిబండి గారూ, మీ బాధ నిజం, మందు మాత్రం అది కాదనుకుంటాను. స్టూడెంట్‌కి మాట తెలుసు, రాయడం తెలియదు. మాట్లాడే స్లాంగ్‌ని ఉన్నదున్నట్టు రాస్తే చదవడానికి అతుకుల బొంతలా ఉంటుంది. డైలాగు అంటే మాట్లాడినట్టు *అనిపించేది*, మాట్లాడినది కాదు. నేను ఇద్దరినీ పెడతాను. రాసేది సెరిఫు తెలిసిన అనువాదకుడు. అయ్యాక ఆ వయసు కుర్రాడో అమ్మాయో చదివి, పాతబడ్డ మాట కింద గీత గీస్తారు. గీత గీయడమే, దిద్దడం కాదు. దిద్దేది మళ్ళీ అనువాదకుడే. ఇలా చేసిన ప్రాజెక్టుల్లో నాకు ఎప్పుడూ తల నొప్పి రాలేదు.

మీరు ఇచ్చిన ఉదాహరణల్లోనే ఇంకో సంగతి ఉంది. అన్ని మాటలూ చావవు. నిజంగా అనే అర్థమున్న 'మాజి' జపాన్ చరిత్రలో ఎదో యుగం అనే పాతకాలం నాటిది, ఇవాళ కూడా ప్రతి పిల్లాడి నోట్లో ఉంది. 'యాబాయి' దొంగల రహస్య భాషలోంచి వచ్చిందంటారు, ప్రమాదం అనే అర్థంతో. ఇప్పుడు చాలా బాగుందన్నా యాబాయే, కొంప మునిగిందన్నా యాబాయే. ఒళ్ళు మండుతోందనే 'ముకాత్సుకు', విసిగిస్తున్నాడనే 'ఉజాయి' దశాబ్దాలుగా ఉన్నాయి. గేమ్ ఐదేళ్ళు అమ్ముడుపోవాలంటే పునాది ఇలాంటి నిలిచిన మాటలతో వేయాలి, నిన్న పుట్టిన మాటని ఎక్కడో ఒకచోట మిరపకాయలా వాడాలి. మంచి అనువాదకుడు ఈ తేడా తనే చెప్తాడు.

రాత్రిబండి

ఒప్పుకుంటాను. గీత గీసే మనిషి అన్నది బాగుంది. మాకు ఆ ఒక్క మనిషి ఉండి ఉంటే నౌయి తప్పేది.

అక్షరసేద్యం

ఏఐతో చేయించి మనిషితో దిద్దిస్తే సరిపోదా? ఇప్పుడు 'నో క్యాప్' కూడా దానికి తెలుసు కదా.

చిన్నతెర

తెలుసు. ఇప్పుడు దానికి మాటలు చాలా తెలుసు. తెలియనిది ఆ మాట ఎవరిదన్నది. గేమ్ డైలాగులు ఎక్సెల్‌లో ముక్కలు ముక్కలుగా వస్తాయి. మూడో వరసలో అమ్మాయి 'ఉచి' అంటుంది, నలభయ్యో వరసలో అదే అమ్మాయి 'వతాషి' అంటుంది, డెబ్బయ్యో వరసలో కోపం వచ్చింది కాబట్టి 'ఒరె' అనేస్తుంది. చదివేవాడికి ముగ్గురు మనుషులు కనిపిస్తారు. దిద్దే అనువాదకుడు ఇవన్నీ ఏరుకుంటూ కూర్చుంటే మొదటి నుంచి రాసినంత పని. పైగా ముందున్న వాక్యం కళ్ళ ముందు ఉంటే సొంత మాట తట్టదు. నాకు చాలాసార్లు అనుభవమే. సాంకేతిక పత్రాలకి సరే, డైలాగుకి నేను వద్దంటాను.

నీలిమేఘం

ఇప్పుడు నా అసలు భయం. పరీక్ష ఎలా పెట్టాలి? కూబ్రిక్ చేసినట్టు తిరిగి ఇంగ్లీషులోకి చేయించి చూడొచ్చా?

పాతగళ్ళచొక్కా

చేయించొచ్చు, కానీ దానితో మార్కులు వేయకండి. స్లాంగ్ బాగా అనువాదమైతే తిరుగు అనువాదం ఎప్పుడూ వింతగానే కనిపిస్తుంది. బాగా కుదిరిందంటే సాధారణంగా మూలంలోని మాట అక్కడ ఉండదు. మాటకి మాట పెట్టినవాడే తిరుగు అనువాదంలో అందంగా కనిపిస్తాడు. చల్లబడిందా లేదా అన్నది మాత్రం దానివల్ల తెలుస్తుంది.

నేను పెట్టే పరీక్ష చెప్తాను. పెద్ద పేరా ఇవ్వను. పది చిన్న లైన్లు. ఒకే మాట మూడుచోట్ల మూడు అర్థాలతో వచ్చేలా చూస్తాను. 'డెడ్' అన్న మాటే తీసుకోండి: నవ్వలేక చచ్చాను, అలసిపోయి చచ్చాను, అమ్మకి తెలిస్తే చచ్చాను. ప్రతి లైనుకీ కింద ఎందుకలా రాశారో రెండు ముక్కలు రాయమంటాను. పరీక్షకి డబ్బు ఇస్తాను, ఉచితంగా ఎవరినీ అడగను. ఎవరు ముందే ప్రశ్నలు అడుగుతారో చూస్తాను. ఎవరు ఎవరితో అంటున్నారు, ఎదురుగానా ఫోన్‌లోనా, ఎవరు పెద్ద. ఇవి అడగకుండా పది లైన్లూ చేసి పంపేవాళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ.

ఒక లైను దగ్గరగా చూద్దాం. అబ్బాయి స్నేహితుడితో ఇలా అంటాడు: 'బ్రో, ఐ యామ్ లో-కీ మ్యాడ్ ఎట్ యూ.' నాకు వచ్చినవి మూడు.

మొదటిది 'క్యోదాయి' అని మొదలైంది, అంటే సోదరా. స్నేహితుణ్ణి మామూలుగా అలా పిలవరు, గూండాల సినిమా గుర్తొస్తుంది. రెండోది 'ఒమాఎ ని చొత్తో ఒకొత్తెరు', నీ మీద కొంచెం కోపంగా ఉన్నాను. తప్పు లేదు, ప్రాణం లేదు. మూడోది 'జిమినీ ముకాత్సుఇతెన్ దకెదొ'. ఇందులో బ్రో లేడు, నువ్వు లేవు, నేను కూడా లేను. 'జిమినీ' అంటే ఆర్భాటం లేకుండా, పైకి కనిపించకుండా. అచ్చం లో-కీ చేసే పని. చివర 'దకెదొ', అంటే 'కానీ...' అని వదిలేయడం. ఎదుటివాడు ఏమంటాడో చూద్దామన్నట్టు. పిలుపు మొత్తం ఆ వదిలేయడంలోకి వెళ్ళిపోయింది. లెక్కపెడితే పన్నెండు అక్షరాలు, సబ్‌టైటిల్ లైనులో కూడా పడుతుంది. కింద ఆమె రాసిన వివరణ రెండే వాక్యాలు: బ్రో అన్నది పిలుపు కాదు, కోపాన్ని మెత్తబరిచే దిండు. జపనీస్‌లో ఆ దిండు వాక్యం చివర ఉంటుంది. ఆవిడతో ఇప్పటికీ పనిచేస్తున్నాను.

చిన్నతెర

'కోపాన్ని మెత్తబరిచే దిండు.' ఇది రాసి పెట్టుకుంటున్నాను.

మల్లెపందిరి

చాటింగ్ ఉంది అన్నారు కదా, అది వేరే ప్రపంచం. నవ్వుని చాట్‌లో ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంతో రాస్తారు, నవ్వు అనే జపనీస్ మాట 'వరాయి'లో మొదటి అక్షరం అది. వరసగా నాలుగు రాస్తే గడ్డి మొలిచినట్టుంటుంది. అందుకే ఆ నవ్వుకి 'కుసా', గడ్డి, అనే పేరొచ్చింది. నవ్వలేక చచ్చాననే చోట కుసా బాగా కూర్చుంటుంది, కానీ చాట్‌లో. గొంతుతో మాట్లాడే చోట పెట్టాలంటే పాత్రని బట్టి చూడాలి.

వాక్యం చివర పెట్టే చుక్క, జపనీస్‌లో చిన్న సున్నా, దాన్ని 'మారు' అంటారు. చాట్‌లో అది పెడితే కోపంగా ఉన్నారేమో అని కుర్రాళ్ళకి టెన్షన్. పెద్దవాళ్ళ ఆ అలవాటుకి 'మారుహారా' అనే పేరు 2024లో బాగా వినపడింది. మీ పిల్లల చాట్‌లలో మారు కనిపించకూడదు. ఎవరైనా అలిగినప్పుడు మాత్రం పెట్టారనుకోండి, ఆ ఒక్క చుక్కతో సీను నిలబడుతుంది.

'టెన్షన్' అన్నాను కదా. జపనీస్‌లో 'తెన్షొన్' అంటే దిగులు కాదు, హుషారు. తెన్షొన్ పెరిగిందంటే ఊపు వచ్చిందని. 'నైబు' అంటే సున్నితమైన మనసు, అమాయకత్వం కాదు. 'సుమాతో' అంటే సన్నగా ఉండటం. ఇంగ్లీషులోంచి వెళ్ళిన మాట కదా అని స్లాంగ్‌ని అలాగే విదేశీ మాటలు రాసే కటాకానా లిపిలో దించేస్తే ఇలాంటి గోతుల్లో పడతాం.

'ఘోస్టింగ్' కూడా అలాంటిదే. చాలామంది దానికి 'కిదొకు సురూ' పెట్టేస్తారు. లైన్ అనే మెసేజింగ్ యాప్ 2011లో వచ్చాక, చదివినట్టు గుర్తు పడి కూడా జవాబు ఇవ్వకపోవడానికి పుట్టిన మాట అది. కానీ అది ఒక్క మెసేజ్ సంగతి, రేపు జవాబు రావచ్చు. ఘోస్టింగ్ అంటే మనిషే మాయం. మీ పరీక్షలో ఈ మాట పెట్టి చూడండి.

ఆఖరుగా నాకు ఎంతో ఇష్టమైన పనిముట్టు: ఫురిగానా. జపనీస్‌లో వాడే చైనా అక్షరాల మీద చిన్నగా ఉచ్చారణ రాస్తారు కదా. 'హొన్కి' అంటే నిజంగా, మనస్ఫూర్తిగా అని రాసే అక్షరాల నెత్తిన చిన్నగా 'మాజి' అని రాసేయొచ్చు. కన్ను అర్థాన్ని చదువుతుంది, చెవి స్లాంగ్‌ని వింటుంది. కామిక్స్‌లో ఇది మామూలే. మీ గేమ్ ఫాంట్ ఫురిగానాని చూపించగలదేమో ముందే చూసుకోండి, అనువాదకుడి చేతికి ఇంకో వేలు ఇచ్చినట్టవుతుంది.

నీలిమేఘం

ఫాంట్ సంగతి ఈ రాత్రే చూస్తాను. బూతుల వల్ల విడుదలకి ఇబ్బంది వస్తుందా?

పాతగళ్ళచొక్కా

జపాన్‌లో గేమ్‌ల వయసు రేటింగ్ ఇచ్చేది సెరో. ఏ, బీ, సీ, డీ, ఆ పైన పద్దెనిమిది నిండినవాళ్ళకి జెడ్. వాళ్ళు చూసేవాటిలో భాష, భావాలు అనే విభాగం కూడా ఉంది. అనువాదకుడికి మీరు ఏ రేటింగ్ అనుకుంటున్నారో మొదటే చెప్పండి. కొన్ని వర్గాలని కించపరిచే మాటల విషయంలో అక్కడ ప్రచురణకర్తలు, ప్రసారకర్తలు బూతుకంటే ఎక్కువ జాగ్రత్తపడతారు.

డబ్బు గురించి. ఇంగ్లీషు నుంచి జపనీస్‌కి మామూలుగా మూలంలోని ఇంగ్లీషు పదానికి ఇంత అని లెక్క, వీడియోకి జపాన్‌లో పది నిమిషాలకి ఇంత అని. స్లాంగ్ డైలాగుకి పదాల లెక్క అన్యాయం. 'బ్రో' ఒక్క పదమే, దాని కోసం అరగంట ఆలోచించాల్సి రావచ్చు. గంటల లెక్కో, ప్రాజెక్టు మొత్తానికి ఒక రేటో మాట్లాడుకోండి. పాత్రల పట్టిక ఇవ్వండి: వయసు, ఎవరికి ఎవరు చనువు, ఎవరు ఎవరి ముందు తగ్గి మాట్లాడతారు. ప్రతి స్లాంగ్ మాటకీ పక్కన మీరేమనుకుని రాశారో మామూలు ఇంగ్లీషులో రాయండి. ఇది రాయడానికి మీకు రెండు రోజులు పడుతుంది, అనువాదకుడికి రెండు వారాలు మిగులుతుంది.

కాంట్రాక్టులో ఒక్క సంగతి మరిచిపోకండి. జపాన్ కాపీరైట్ చట్టంలో 27, 28 సెక్షన్ల హక్కులు, అంటే ఆ రచనని మార్చి వాడుకునే హక్కు, అలా మార్చినదాని మీద హక్కు, బదిలీ అవుతున్నాయని పేరు పెట్టి రాయకపోతే అవి రాసినవారి దగ్గరే ఉన్నట్టు భావిస్తారు. 'అన్ని హక్కులూ' అని రాస్తే చాలదు. అనువాదకుడి పేరు క్రెడిట్స్‌లో వేయండి. ఇది చట్టం కోసం చెప్పడం లేదు. పేరు పడుతుందని తెలిసిన మనిషి ఆ నలుగురు పిల్లల్ని తన పిల్లల్లా చూస్తాడు.

నీలిమేఘం

ఐదు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ముగ్గురికి డబ్బు ఇచ్చి పరీక్ష పెట్టాం. ఇద్దరు చెప్పిన రోజుకి పది లైన్లూ పంపారు. మూడో ఆవిడ లైన్లు పంపకుండా పదకొండు ప్రశ్నలు పంపింది. ఆరో ప్రశ్న ఇది: 'ఈ ఇద్దరమ్మాయిలూ పోట్లాడుకోక ముందు ఒకరినొకరు పేరుతో పిలుచుకునేవారా, ముద్దుపేరుతోనా?' మేము కథ రాసినప్పుడు కూడా దీని గురించి ఆలోచించలేదు. ఆవిడనే తీసుకున్నాం. ఘోస్టింగ్‌కి ఆవిడ కిదొకు సురూ పెట్టలేదు మల్లెపందిరి గారూ. గీత గీయడానికి ఇరవై ఏళ్ళ స్టూడెంట్ ఒకరు కూడా దొరికారు.

ఇప్పుడు ఒక్కచోట ఆగిపోయాం. రేడియో ముగిసే ముందు ప్రతి రాత్రీ పిల్లలు 'స్టే సాల్టీ' అంటారు. ఉక్రోషంగా, అలిగే ఉండండి అని ప్రేమగా. రేడియో బొమ్మ కూడా చిల్లుల మూత ఉన్న ఉప్పు సీసా. ఆవిడ మూడు దారులు పంపింది. ఒకటి, ఉప్పుని ఉంచి 'షియో తైఒ దె యొరొషికు'. రెండు, ఉప్పు వదిలేసి 'ఫుతెనె షిరో యో'. మూడు, కటాకానాలో అలాగే 'సుతెఇ సొరుతి'. నిర్ణయం మీదే అంది. మీరైతే ఏమంటారు?

మల్లెపందిరి

ఒకటోది వద్దు. 'షియో తైఒ' అంటే ఉప్పు మర్యాద, అభిమానులతో ముభావంగా, పొడిపొడిగా ఉండే స్టార్ల గురించి అంటారు. ఇంగ్లీషు ఉప్పులో ఉడుకుమోత్తనం ఉంది, జపనీస్ ఉప్పులో చల్లదనం ఉంది. మీ పిల్లలు చల్లగా ఉండేవాళ్ళు కాదు.

'ఫుతెనె' స్లాంగ్ కూడా కాదు, మామూలు మాట. అలిగి ముసుగు తన్ని పడుకోవడం. దానికి ఒక్క మాట ఉండటమే ఎంత బాగుంది! 'షిరో యో' అంటే పోయి అలా చెయ్యి, అన్న చనువు. అర్ధరాత్రి రేడియో ఆపేస్తూ వినేవాళ్ళకి చెప్పే మాట అది.

చిన్నతెర

రెండోది. మూడోది వింటే బాగానే ఉంటుంది కానీ ఎవరి మనసుకీ తగలదు.

రాత్రిబండి

రెండోదే. పాతబడదు కూడా.

పాతగళ్ళచొక్కా

రెండు. కానీ ఉప్పు సీసా బొమ్మ ఏం చేస్తారు?

నీలిమేఘం

ఆవిడకి ఇప్పుడే రాశాను, రెండోదే అని. జపనీస్ విడుదలలో బొమ్మ మారుస్తున్నాం. సీసాని పడుకోబెట్టి కింద దిండు గీస్తోంది మా స్నేహితురాలు, మూత కళ్ళ దాకా దుప్పటి కప్పి.